గణిత బోధనా వివాదం

బడి పిల్లలకు లెక్కలు ఎలా నేర్పాలన్న విషయంలో గణితవేత్తలు, విద్యావేత్తలు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల మధ్య దాదాపు వందేళ్లుగా సాగుతున్న వాదోపవాదాలే గణిత బోధనా వివాదం. ఇది అనేక దేశాల్లో తలెత్తినా, అమెరికాలో ముదిరినంతగా మరెక్కడా ముదరలేదు. 1990లలో అక్కడి పత్రికలు దీనికి ‘గణిత యుద్ధాలు’ అని పేరు పెట్టాయి. ఎక్కాలు నోటికి రావాలి, కూడికలూ భాగహారాలూ చేతికి అలవడాలి, ఆ తర్వాతే మిగతా గణితమంతా అన్నది ఒక పక్షం. లెక్క ఎందుకు అలా చేస్తున్నామో తెలియకుండా చేసిన అభ్యాసం పరీక్ష దాటగానే ఆవిరైపోతుందని రెండో పక్షం. మొదటి వారిని సంప్రదాయవాదులనీ, రెండో వారిని సంస్కరణవాదులనీ వ్యవహరిస్తారు. ఏ తరగతిలో ఏ పాఠం ఉండాలి, అందరికీ ఒకే గణితం నేర్పాలా, సిలబస్‌ను ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్నలు కూడా ఈ వివాదంలో భాగమే.

వివాద స్వరూపం

63లోంచి 28 తీసెయ్యాలి. బడిలో నేర్పే పద్ధతి అందరికీ తెలిసిందే. మూడులోంచి ఎనిమిది పోదు కాబట్టి పక్కనున్న ఆరు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకుంటాం. పదమూడులోంచి ఎనిమిది పోతే అయిదు, మిగిలిన అయిదులోంచి రెండు పోతే మూడు, జవాబు 35. కిరాణా కొట్టులో చిల్లర ఇచ్చే మనిషి ఇలా చెయ్యడు. 28కి రెండు కలిపితే 30, ముప్ఫై కలిపితే 60, ఇంకో మూడు కలిపితే 63 అనుకుంటూ 35 చేతిలో పెడతాడు.

మొదటి పద్ధతి ఎంత పెద్ద సంఖ్యకైనా ఒకేలా పనిచేస్తుంది, దారి తప్పనివ్వదు. కానీ ఆరు దగ్గర తెచ్చుకున్న ‘ఒకటి’ నిజానికి పది అన్న సంగతి తెలియకుండానే ఏళ్ల తరబడి దాన్ని వాడుకోవచ్చు. రెండో పద్ధతిలో సంఖ్యల విలువ ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది. అంకెలు పెరిగేకొద్దీ మాత్రం అది నత్తనడక అవుతుంది. సంప్రదాయవాదులు మొదటిదాన్ని త్వరగా నేర్పి, తప్పుల్లేకుండా వచ్చేదాకా సాధన చేయించమంటారు. సంస్కరణవాదులు పిల్లలను ముందు తమ సొంత దారులు వెతుక్కోనిచ్చి, ప్రామాణిక పద్ధతిని తర్వాత పరిచయం చెయ్యమంటారు. మిగతా వివాదమంతా ఈ చిన్న తీసివేతలోంచి పెరిగిందే.

తొలి దశ

అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1922లో అంకగణిత బోధనపై వెలువరించిన గ్రంథం అభ్యాసవాదానికి శాస్త్రీయ పునాది వేసింది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య బంధం పదేపదే చేసిన సాధనతో బిగుసుకుంటుందని ఆయన సిద్ధాంతం. 1930లలో విలియం బ్రౌనెల్ దీన్ని ఎదిరించాడు. అంకగణితం ఒకదానితో ఒకటి ముడిపడిన భావాల వ్యవస్థ అనీ, ఆ ముళ్లు పిల్లలకు కనిపించాలనీ ఆయన వాదన. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన గణితవేత్త జార్జి పోల్యా 1945లో సమస్యా సాధనపై రాసిన చిన్న పుస్తకం ఈ రెండో ధోరణికి బలం చేకూర్చింది. సమస్యను అర్థం చేసుకోవడం, ఉపాయం ఆలోచించడం, అమలు చెయ్యడం, వెనక్కి తిరిగి చూసుకోవడం అని ఆయన చెప్పిన నాలుగు మెట్లు ఇప్పటికీ ఉపాధ్యాయ శిక్షణలో పాఠంగా ఉన్నాయి.

కొత్త గణితం

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపడంతో సైన్సులో వెనకబడ్డామన్న భయం అమెరికాను పట్టుకుంది. మరుసటి ఏడాదే జాతీయ రక్షణ విద్యా చట్టం వచ్చింది. అదే 1958లో యేల్ విశ్వవిద్యాలయ గణితవేత్త ఎడ్వర్డ్ బెగల్ నాయకత్వంలో పాఠశాల గణిత అధ్యయన బృందం ఏర్పడి కొత్త పాఠ్యపుస్తకాలు తయారుచేసింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మాక్స్ బేబర్‌మన్ బృందం 1951 నుంచే ఈ పనిలో ఉంది. ఐరోపాలోనూ ఇదే గాలి వీచింది. 1959లో ఫ్రాన్స్‌లోని రాయమోఁలో జరిగిన సదస్సులో గణితవేత్త జాఁ ద్యూదొన్నే పాఠశాలల్లోంచి యూక్లిడ్ జ్యామితిని తొలగించాలని బాహాటంగా వాదించాడు.

ఈ ఉద్యమం గణితాన్ని దాని నిర్మాణం వైపు నుంచి నేర్పాలనుకుంది. సమితులు, ప్రమేయాలు, స్థిత్యంతర, సహచర, విభాగ న్యాయాలు చిన్న తరగతులకు దిగివచ్చాయి. పదికి బదులు ఎనిమిది ఆధారంగా సంఖ్యలు రాయించడం కూడా వాటితో వచ్చింది. స్థానవిలువ అంటే ఏమిటో పిల్లలకు బోధపడాలన్నది దాని ఉద్దేశం. హార్వర్డ్‌లో గణితం చదివిన హాస్య గాయకుడు టామ్ లేరర్ 1965లో దీని మీదే పాట కట్టి దేశాన్ని నవ్వించాడు.

విమర్శ ముందుగా గణితవేత్తల నుంచే వచ్చింది. 1962లో అరవైమందికి పైగా గణితవేత్తలు ఒక ప్రకటనపై సంతకాలు చేశారు. ఉదాహరణలూ ప్రయోగాలూ ముందు రావాలనీ, అమూర్త భావనలు తర్వాత రావాలనీ అందులో హెచ్చరించారు. భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ 1964లో కాలిఫోర్నియా పాఠ్యపుస్తకాల ఎంపిక సంఘంలో సభ్యుడిగా కొత్త పుస్తకాలన్నీ చదివి విసిగిపోయాడు. ఒక పుస్తకంలో నక్షత్రాల ఉష్ణోగ్రతలు ఇచ్చి, వాటిని కూడమన్న లెక్క ఉంది. నక్షత్రాల ఉష్ణోగ్రతలను కూడవలసిన అవసరం ఏ శాస్త్రవేత్తకూ రాదు. కూడికకు సైన్సు రంగు పులమడం తప్ప అందులో ఏమీ లేదని ఆయన తప్పుపట్టాడు. 1973లో మోరిస్ క్లైన్ రాసిన విమర్శ గ్రంథం జనంలోకి బాగా వెళ్లింది. అప్పటికే ఉద్యమం సన్నగిల్లింది. ఉపాధ్యాయులకు తగిన శిక్షణ ఇవ్వకుండా పుస్తకాలు మార్చడం, ఇంట్లో పిల్లల హోంవర్కు చూసే తల్లిదండ్రులకు ఒక్క ముక్కా అర్థం కాకపోవడం దాని పతనానికి ప్రధాన కారణాలు.

గణిత యుద్ధాలు

1970లలో గాలి ఎదురు తిరిగి ‘మళ్లీ మౌలికాంశాలకు’ అన్న నినాదం వినిపించింది. ఎక్కాలూ వర్క్‌షీట్లూ తిరిగొచ్చాయి. 1920లో ఏర్పడిన జాతీయ గణిత ఉపాధ్యాయ మండలి దీనికి స్పందిస్తూ 1980లో సమస్యా సాధనే బడి గణితానికి కేంద్రం కావాలని ప్రకటించింది. 1989లో అదే సంస్థ వెలువరించిన ప్రమాణ పత్రం సంస్కరణవాదానికి ఆధార గ్రంథమైంది. కాగితం మీద చేసే పొడవాటి భాగహారాలకూ బట్టీకీ ప్రాధాన్యం తగ్గించాలని, కాలిక్యులేటర్ విద్యార్థికి ఎప్పుడూ అందుబాటులో ఉండాలని, పిల్లలు జట్లుగా కూర్చుని తమ ఆలోచన చెప్పుకోవాలని అది సూచించింది. జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులతో ‘ఎవ్రీడే మాథమాటిక్స్’, ‘ఇన్వెస్టిగేషన్స్’, ‘కనెక్టెడ్ మాథమాటిక్స్’ వంటి పాఠ్యక్రమాలు బడుల్లోకి వచ్చాయి.

కాలిఫోర్నియా రాష్ట్రం 1992లో ఈ బాట పట్టింది. ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో తల్లిదండ్రులు తమ పిల్లల పుస్తకాల్లో బొమ్మలూ వ్యాసాలే తప్ప లెక్కలు కనిపించడం లేదని తిరగబడ్డారు. శాండియాగోలో ‘మాథమాటికల్లీ కరెక్ట్’ అనే సంఘం పుట్టింది. ఇంటర్నెట్ అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న ఆ రోజుల్లో, దాని సాయంతో ఈ సంఘం దేశమంతటా మద్దతు కూడగట్టింది. చివరకు 1997 డిసెంబరులో రాష్ట్రం స్టాన్‌ఫర్డ్ గణితవేత్తలు తిరగరాసిన ప్రమాణాలను ఆమోదించింది. వాటిలో ప్రామాణిక గణన పద్ధతులకు పూర్వస్థానం దక్కింది. ఎనిమిదో తరగతికల్లా బీజగణితం రావాలన్నది లక్ష్యమైంది.

1999 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ పది గణిత పాఠ్యక్రమాలను ఆదర్శప్రాయమైనవిగానో ఆశాజనకమైనవిగానో ప్రకటించింది. నవంబరు 18న ‘వాషింగ్టన్ పోస్ట్’లో విద్యామంత్రి రిచర్డ్ రైలీకి బహిరంగ లేఖ వెలువడింది. డేవిడ్ క్లైన్, రిచర్డ్ ఆస్కీ, జేమ్స్ మిల్‌గ్రామ్, హుంగ్-షి వూ రూపొందించిన ఆ లేఖపై రెండువందలమందికి పైగా సంతకం చేశారు. నోబెల్, ఫీల్డ్స్ పురస్కారాలు పొందినవారూ వారిలో ఉన్నారు. ఆ సిఫార్సును ఉపసంహరించుకోవాలని వారు కోరారు, ప్రభుత్వం ఒప్పుకోలేదు. వివాదానికి ఇది పతాక సన్నివేశం.

పరిశోధనలు చెప్పినది

2001లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి తన నివేదికలో గణిత సామర్థ్యాన్ని అయిదు పాయలుగా విడమరిచింది. అవి భావనల అవగాహన, గణనలో పట్టు, సమస్యను లెక్కగా మలుచుకునే నేర్పు, తర్కించి సమర్థించుకోగల శక్తి, గణితం పనికొస్తుందన్న నమ్మకం. ఒక పాయను వదిలేసి మిగతావాటిని పేనడం కుదరదని నివేదిక సారాంశం. అధ్యక్షుడు బుష్ 2006లో నియమించిన జాతీయ గణిత సలహా సంఘం 2008 మార్చిలో ఇదే తీర్పునిచ్చింది. అవగాహన, గణనలో పట్టు, సమస్యా సాధన ఒకదాన్నొకటి బలపరుస్తాయనీ, వాటి మధ్య పోటీ పెట్టడమే పొరపాటనీ చెప్పింది. బోధన పూర్తిగా ఉపాధ్యాయుడి చేతుల్లోనే ఉండాలనడానికీ, పూర్తిగా విద్యార్థికే వదిలెయ్యాలనడానికీ ఆధారాలు లేవంది. భిన్నాల్లో తడబాటు బీజగణితానికి పెద్ద అడ్డంకి అవుతోందని గుర్తించింది.

మనస్తత్వ శాస్త్రం రెండు వైపులా వాదనలు అందించింది. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ రాసిన వ్యాసం, కొత్తగా నేర్చుకునేవారికి మార్గదర్శనం లేని అన్వేషణ మోయలేని భారమని వాదించింది. చేసి చూపించిన లెక్కలు ముందు చదివితే ఆ భారం తగ్గుతుంది. మరోవైపు బెథనీ రిటిల్-జాన్సన్ బృందం దశాంశాలపై చేసిన అధ్యయనంలో, భావన అర్థమైతే పద్ధతి మెరుగుపడుతుందనీ, పద్ధతి పట్టుబడితే భావన మరింత విచ్చుకుంటుందనీ తేలింది.

అన్నిటికంటే లోతుగా తాకిన పరిశోధన లీపింగ్ మా 1999లో ప్రచురించినది. అమెరికాలో 23 మందినీ చైనాలో 72 మందినీ ప్రాథమిక ఉపాధ్యాయులను ఆమె ఒక ప్రశ్న అడిగింది. ఒకటీ ముప్పావును అరతో భాగించండి, ఆ లెక్కకు సరిపడే చిన్న కథ చెప్పండి. చైనా ఉపాధ్యాయులందరూ జవాబు మూడున్నర అని సరిగ్గా చెప్పారు. వారిలో తొంభై శాతం కథ కూడా అల్లగలిగారు. అమెరికన్లలో లెక్కను పూర్తిగా సరిగా చేసినవారు తొమ్మిదిమంది. భావన దెబ్బతినకుండా కథ చెప్పినది ఒక్కరే. చాలామంది అరతో భాగించడాన్ని ఇద్దరికి సమంగా పంచడంతో కలిపేసుకున్నారు. ఒకటీ ముప్పావు మీటర్ల గుడ్డలోంచి అర మీటరు ముక్కలు ఎన్ని వస్తాయన్నది అసలు ప్రశ్న. ఆ గుడ్డను ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి వచ్చేది ముప్పావు మీటరు మీద కొంచెం మాత్రమే. డిగ్రీలున్నది అమెరికన్ ఉపాధ్యాయులకే. చైనా వారిలో ఎక్కువమంది తొమ్మిదో తరగతి తర్వాత రెండుమూడేళ్ల ఉపాధ్యాయ శిక్షణ పొందినవారు.

ఒకప్పుడు కొత్త గణితానికి నాయకత్వం వహించిన బెగల్ కూడా తర్వాతి పరిశోధనల్లో, ఉపాధ్యాయుడు కాలేజీలో ఎన్ని గణిత కోర్సులు చదివాడన్నదానికీ పిల్లల ఫలితాలకూ పెద్దగా సంబంధం లేదని గమనించాడు. బోధనకు అక్కరకొచ్చే గణితజ్ఞానం వేరే ఉందన్న ఆలోచనను డెబొరా బాల్, హీథర్ హిల్ ముందుకు తీసుకెళ్లారు. పిల్లవాడు చేసిన తప్పు చూసి వాడు ఎలా ఆలోచించి ఉంటాడో పసిగట్టడం అలాంటి జ్ఞానం. అది ఉన్న ఉపాధ్యాయుల తరగతుల్లో పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారని 2005 నాటి వారి అధ్యయనం చూపించింది.

కామన్ కోర్, ఆల్జీబ్రా గొడవ

2010 జూన్‌లో విడుదలైన ‘కామన్ కోర్’ ఉమ్మడి ప్రమాణాలను అమెరికాలో నలభైకి పైగా రాష్ట్రాలు స్వీకరించాయి. విలియం మెకాలమ్, జేసన్ జింబా, ఫిల్ డారో గణిత భాగాన్ని రాశారు. సంఖ్యారేఖ మీద గెంతులు, గడుల బొమ్మలతో గుణకారం వంటివి ముందు వస్తాయి. ప్రామాణిక కూడిక, తీసివేతల్లో నాలుగో తరగతికీ, గుణకారంలో అయిదుకీ, భాగహారంలో ఆరుకీ పట్టు రావాలి. రెండు పక్షాలకూ చోటిచ్చిన ఈ రాజీ ఎవరినీ సంతృప్తిపరచలేదు. పిల్లల హోంవర్కు ఫొటోలు సామాజిక మాధ్యమాల్లో పెట్టి తల్లిదండ్రులు ఎగతాళి చేశారు. కేంద్ర నిధుల పోటీతో రాష్ట్రాలను అటు నెట్టారన్న ఆరోపణతో విషయం రాజకీయమైంది.

తర్వాతి తగాదా సమానత్వం గురించి వచ్చింది. పౌరహక్కుల నాయకుడు బాబ్ మోజెస్ 1982లో ‘ఆల్జీబ్రా ప్రాజెక్ట్’ ప్రారంభించి, పేద నల్లజాతి పిల్లలకు బీజగణితం అందడం ఓటుహక్కు అంత ముఖ్యమని ప్రచారం చేశాడు. శాన్‌ఫ్రాన్సిస్కో బడులు 2014లో అదే సమానత్వం పేరిట దీనికి విరుద్ధమైన దారి పట్టాయి. ఎనిమిదో తరగతిలో కొందరికే బీజగణితం చెప్పడం పిల్లలను విడదీస్తుందని, అందరికీ తొమ్మిదిలోనే మొదలుపెట్టాయి. డబ్బున్నవారు ప్రైవేటు కోర్సులు కొనుక్కున్నారు. 2024 మార్చిలో ఓటర్లు భారీ ఆధిక్యంతో పాత పద్ధతిని కోరారు, పాఠశాల బోర్డు అంతకు ముందు నెలలోనే వెనక్కి తగ్గింది. కాలిఫోర్నియా కొత్త గణిత చట్రం కూడా స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జో బోలర్ తదితరుల ముసాయిదాపై పెద్ద దుమారం రేగాక, మార్పులతో 2023 జూలైలో ఆమోదం పొందింది.

ఇతర దేశాల్లో

నెదర్లాండ్స్‌లో హన్స్ ఫ్రాయిడెంటాల్ స్ఫూర్తితో నిత్యజీవిత సందర్భాల్లోంచి గణితం నేర్పే ‘వాస్తవిక గణితం’ బడులన్నిటా పాకింది. పిల్లలకు భాగహారం రావడం లేదని విమర్శలు రాగా, 2009లో డచ్ విజ్ఞాన అకాడమీ పరిశీలించి రెండు పద్ధతుల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని, ఉపాధ్యాయుడి సామర్థ్యమే కీలకమని తేల్చింది. జపాన్ 2002లో సిలబస్‌ను మూడోవంతు దాకా తగ్గించి, ప్రమాణాలు పడిపోయాయన్న ఆందోళనతో 2011 నుంచి తిరిగి పెంచింది. సింగపూర్ 1980లలో వస్తువు, బొమ్మ, గుర్తు అన్న క్రమంలో పాఠం నడిపే పద్ధతిని, దానితోపాటు గట్టి సాధనను పట్టుకుని నాలుగు దశాబ్దాలుగా వదల్లేదు. ఇంగ్లండ్ ఆ పద్ధతిని అరువు తెచ్చుకుంటూనే, 2022 నుంచి నాలుగో సంవత్సరం పిల్లలకు ఎక్కాల పరీక్షను తప్పనిసరి చేసింది. అందులో 25 ప్రశ్నలు, ఒక్కోదానికి ఆరు సెకన్లు.

భారతదేశంలో

పదో తరగతి దాకా అందరికీ గణితం ఉండాలని కొఠారీ కమిషన్ 1964–66లో సిఫార్సు చేసింది. కొత్త గణితం అలలు ఆ దశకంలోనే ఇక్కడికీ చేరి సమితులు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడ్డాయి. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కోసం చెన్నై గణిత శాస్త్ర సంస్థకు చెందిన ఆర్. రామానుజం అధ్యక్షతన తయారైన పత్రం దేశంలో సంస్కరణవాదానికి ప్రధాన ఆధారం. పిల్లల ఆలోచనను గణితీకరించడమే బోధన లక్ష్యమని అది చెప్పింది. భయం, ఓటమి భావన, జవాబును మాత్రమే కొలిచే పరీక్షలు, ఉపాధ్యాయుల అరకొర తయారీని లోపాలుగా ఎత్తిచూపింది. ఆ వెలుగులో ఎన్‌సీఈఆర్‌టీ ‘మ్యాథ్ మ్యాజిక్’ పుస్తకాలు తెచ్చింది. అయిదో తరగతి పుస్తకం చేపలతో, జాలరుల జీవితంతో మొదలయ్యేది. సరళంగా ఉన్నాయని కొందరు మెచ్చుకోగా, సాధన తక్కువని మరికొందరు పెదవి విరిచారు. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత వాటి స్థానంలో కొత్త పుస్తకాలు వచ్చాయి.

ఇక్కడి సమస్య తీవ్రత వేరు. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో, 2024లో గ్రామీణ అయిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు దాదాపు 31 శాతమే. అంటే సంప్రదాయ పద్ధతి కూడా మెజారిటీ పిల్లలకు అందలేదు. 2025లో ‘నేచర్’ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో తదితరులు ప్రచురించిన అధ్యయనం మరో కోణం చూపింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లలు నోటిలెక్కతో బేరాలు ఇట్టే తేల్చేస్తారు. అవే లెక్కలు బడి తరహాలో కాగితం మీద ఇస్తే తడబడతారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలది సరిగ్గా దీనికి వ్యతిరేకం. 1985లో బ్రెజిల్‌లోని రెసిఫేలోనూ ఇదే కనిపించింది. 35 క్రూజేరోల కొబ్బరికాయలు పది ఎంతని అడిగితే, వీధిలో అమ్ముకునే కుర్రాడు మూడింటికి 105, ఇంకో మూడింటికి 210 అంటూ పోగుచేసుకుని 350 చెప్పాడు. పక్కన సున్నా పెడితే చాలన్న బడి ఉపాయం అతనికి అక్కరకు రాలేదు.

1965లో వెలువడిన భారతీకృష్ణ తీర్థుల ‘వేదగణితం’ మరో వివాదం రేపింది. అందులోని సూత్రాలు వేదాల్లో లేవనీ, అవి గణన చిట్కాలే తప్ప గణిత విద్య కావనీ గణితవేత్త ఎస్.జి. దాని తదితరులు విమర్శించారు.

తెలుగు రాష్ట్రాల్లో

తెలుగులో గణిత బోధనకు పాత చరిత్ర ఉంది. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన పద్యాల్లో తెనిగించాడు. వీధిబడుల్లో ఎక్కాలు కోరస్‌గా వల్లించేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పుస్తకంలో కొత్త గణితం ముద్ర చాలాకాలం నిలిచింది. ప్రవచనాలు–సమితులు, ప్రమేయాలు, మాత్రికలు, రేఖీయ ప్రణాళిక రాయనిదే పిల్లలు బడి దాటేవారు కాదు. 2011 రాష్ట్ర విద్యాప్రణాళికా చట్రం ఆధారంగా 2012–14 మధ్య పుస్తకాలు మారాయి. మాత్రికలు పోయాయి, సమితులు మిగిలాయి. ‘ఇవి చేయండి’, ‘ఆలోచించి చర్చించండి’ వంటి శీర్షికలు వచ్చాయి. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో భాగంగా ప్రాజెక్టులకూ మార్కులు పెట్టారు. ఆచరణలో గైడ్లలోంచి ఎక్కించిన ప్రాజెక్టులే ఎక్కువయ్యాయని ఉపాధ్యాయులే ఒప్పుకుంటారు.

అమెరికాలో లేని మూడో పక్షం ఇక్కడుంది. అది ప్రవేశ పరీక్ష. ఆరో తరగతి నుంచే ‘ఐఐటీ ఫౌండేషన్’ పేరిట నడిచే తరగతుల్లో నాలుగు జవాబుల్లోంచి ఒకదాన్ని వేగంగా పట్టుకునే నేర్పే ప్రధానం. ఇది సంప్రదాయవాదులు కోరే క్రమబద్ధమైన సాధనా కాదు, సంస్కరణవాదులు కోరే అన్వేషణా కాదు. ప్రభుత్వ బడిలో భాగహారం అందని పిల్లలు, కార్పొరేట్ తరగతిలో ఎందుకో తెలియని సూత్రాలు మింగే పిల్లలు ఒకే జిల్లాలో కనిపిస్తారు.

మదింపు

వందేళ్ల అనుభవంలో ఒక పద్ధతి రెండోదాన్ని శాశ్వతంగా ఓడించిన దేశం లేదు. సాధన లేని అవగాహన నిలవదని కాలిఫోర్నియా, అవగాహన లేని సాధన బడి గోడ దాటదని కోల్‌కతా బజార్లు చూపించాయి. పుస్తకాలు మార్చి ఉపాధ్యాయులను మార్చకుండా వదిలేసిన సంస్కరణలు ఏ పక్షానివైనా నీరుగారాయి. నిలిచినవి, సింగపూర్‌లో లాగా, ఒకే దారిని ఏళ్ల తరబడి పట్టుకుని ఉపాధ్యాయుడి గణిత జ్ఞానం మీద ఖర్చు పెట్టినవే. తెలుగు రాష్ట్రాలు రేపు ఏ కొత్త పుస్తకం తెచ్చినా, దానికి ముందు ప్రాథమిక ఉపాధ్యాయుడికి భిన్నాల భాగహారాన్ని కథగా చెప్పగలిగే శిక్షణ ఇవ్వాలి.